మరిపెడ దాటాక నీళ్ల మీద నూనె చార

మా తమ్ముడు శీను పడవ కొన్నాడన్న సంగతి ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. హన్మకొండలో ఏళ్ల తరబడి నడిపిన బట్టల కొట్టు మూసేశాక వాడేం చేస్తాడోనని నేను దిగులు పడుతూ ఉంటే, వాడు కాకినాడ వెళ్లి, ఒక రొయ్యల చెరువుల ఆసామి వాడుకుని మూలన పడేసిన మోటారు పడవను బేరమాడి, లారీ మీద వేయించుకుని తెచ్చి మరిపెడ అవతల ఒక రిజర్వాయరులో దింపాడు. చూడవచ్చినవాళ్లను ఎక్కించుకుని నీళ్ల నడుమ ఉన్న గుట్ట దాకా తిప్పి తీసుకొస్తాడు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. సెలవు రోజుల్లో ఇప్పటికే కట్ట మీదికి కార్లు ఎక్కుతున్నాయని, ఇంకా జనాన్ని పిలవొద్దని అక్కడివాళ్లు నన్ను అడిగారు.

నేనూ మా ఆయనా వరంగల్‌లో బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు అమ్ముతాం. ఆయిల్ సీల్ అంటే తిరిగే ఇరుసు చుట్టూ బిగిసి, లోపలి నూనెను బయటికి రానివ్వని రబ్బరు ఉంగరం. ట్రాక్టరుదో, నూర్పిడి మిషనుదో అరిగిన ఉంగరం ఒకటి చేతిలో పెడితే దాని జోడీ ఏ అరలో ఉందో చెప్పగలను. పడవను మాత్రం ఎన్నడూ దగ్గరగా చూసింది లేదు. అందుకే శీను ఫోను చేసినప్పుడు మొదట నవ్వొచ్చింది.

"అక్కా, పడవ తోకలకెల్లి గేర్ ఆయిల్ పోతాంది. ఏడికెల్లి పోతాందో దొరుకుతలేదు. నువ్వొకసారి రావా?"

"మెకానిక్‌ను పిలువురా."

"ఇద్దరొచ్చి సూశిండ్రు. ఒకాయన పైపన్నడు, ఒకాయన గేర్‌బాక్సే మార్చాలన్నడు. ఆదివారం చాపలోల్ల సంఘం కూసుంటాంది అక్కా. అప్పటికి ఇది ఆగకపోతే పడవ తీసుకొని పొమ్మంటాండ్రు."

కొట్టు షట్టరు ఆఖరిసారి దించిన రోజు కూడా వాడు ఇలాగే మాట్లాడాడు, ఎవరి విషయమో చెబుతున్నట్టు. నాకు నవ్వు ఆగిపోయింది. శుక్రవారం పొద్దున్నే ఒక బ్యాగు నిండా సీళ్లు నింపుకుని బస్సెక్కాను.

వర్ధన్నపేట మీదుగా

పత్తి ఏరే కాలం. వర్ధన్నపేట దాటేసరికి రోడ్డుకు రెండువైపులా చేలల్లో తెల్లటి పువ్వు, నడుములకు చీర మడిచి సంచులు కట్టుకున్న ఆడవాళ్లు. వాళ్లలో కొందరు ఒక స్టేజీలో ఎక్కి రెండు స్టేజీల తర్వాత దిగిపోతున్నారు. ఏ చేనుకు కూలి ఎక్కువ ఇస్తున్నారో బస్సులోనే మాట్లాడుకుంటున్నారు. మా పక్క సంగతి వేరు. షాపుల్లో పనిచేసేవాళ్లు నీకెంత ఇస్తున్నారని ఒకర్నొకరు అడగరు, అడిగినా సగమే చెబుతారు.

నా పక్కన కూర్చున్న ఒక పెద్దామె బ్యాగులోంచి కనపడుతున్న నల్లటి ఉంగరాలను చాలాసేపు చూసింది.

"ఇవి గాజులా బిడ్డా?"

"కాదమ్మా. మిషన్లకు పెడతరు."

"ఒకటియ్యి సూత్త." ఒక పెద్ద సీలు తీసి చేతికి తొడుక్కుని, మణికట్టు అటూఇటూ తిప్పి చూసుకుంది. "మంచిగనే ఉన్నది. పగలదు గూడ." తొర్రూరులో దిగుతూ తీసి ఇచ్చేసింది. తీసుకునేటప్పుడు ఉంచుకోమని అనాలనిపించింది కానీ అది వరి కోసే కంబైన్‌కు పెట్టేది, రేపో మాపో ఎవరో ఒకరు అడుగుతారు. వ్యాపార బుద్ధి బస్సులో కూడా వదలదు.

మరిపెడలో ముత్తమ్మ

మరిపెడ బస్టాండు బయట మిర్చి బజ్జీలు మా దగ్గరి వాటికంటే కారం. మా దగ్గర మిరపకాయ కడుపు చీల్చి వాము, చింతపండు పెడతారు. ఇక్కడ ఏమీ పెట్టకుండా అలాగే ముంచి వేస్తారు, పైన ఉల్లిపాయ చల్లి నిమ్మకాయ పిండుతారు. ముప్పై రూపాయల ప్లేటు ముగించేలోగా శీను బండి మీద వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు. పొట్ట తగ్గింది.

బ్యాగు బండికి కట్టుకుంటూ ఉంటే రోడ్డు పక్కన చేపల తట్ట ముందు కూర్చున్న ఒకామె వాణ్ని పిలిచింది.

"ఏం శీనూ, అక్కను తోలుకొస్తాన అంటివి, ఈమేనా?" నా వైపు తిరిగింది. "అక్కా, నీ తమ్మునికి జర చెప్పు. నిన్న ఇద్దరు గిరాకీలు చాపలు వాసన చూసి వాపస్ ఇచ్చి పోయిండ్రు. పెట్రోల్ బంకుల పట్టినవా అని అడుగుతాండ్రు."

"అది పెట్రోల్ కాదు ముత్తమ్మొదినా, గేర్ ఆయిలు," అన్నాడు శీను.

"ఏదైతేంది, తినేటోని ముక్కుకు తెలుస్తదా?"

ఆమె కోపంగా అనలేదు. తట్టలోంచి పెద్ద చేపనొకటి తీసి తోక పట్టుకుని తిప్పి, మళ్లీ లోపల పెట్టింది. బండి కదిలాక శీను చెప్పాడు: ఆమె, ఆమె మొగుడు సైదులు ఉండే ఇంటి వాకిట్లో ఒక గది ఉంది, వాడు కిరాయికి ఉంటున్నది అందులోనే. రోజూ తిండి పెడుతున్నదీ ఆమే.

కట్ట మీద

రిజర్వాయరు నేననుకున్నంత చిన్నది కాదు. అవతలి ఒడ్డు పలుచటి గీతలా ఉంది, నడుమ చెట్లు నిండిన గుట్ట. కట్ట కింద నీళ్లలో తెల్లటి పడవ. దాని వెనక, కాలువలా సాగి, రంగురంగుల చార. నెమలి మెడ మీద చూసే రంగులే. చూడటానికి అందంగా ఉండటమే నాకు బాధనిపించింది.

ఆ పడవ అమరిక గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంజన్ పడవ లోపల, వెనక సీటు కింద ఉంటుంది. పడవ వెనక గోడకు బయట ఒక ఇనుప కాలు వేలాడుతూ ఉంటుంది. సగం నీళ్లలో. ఇంజన్ తిప్పుడు ఆ కాలులోని గేర్ల గుండా కిందికి దిగి పంకాను తిప్పుతుంది. ఊళ్లోవాళ్లు ఆ కాలును తోక అంటారు. గేర్లు మునిగి ఉండే నూనె ఆ తోకలో ఉంటుంది. ఇంజన్ పక్కన చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి బిగించి ఉంది, తోకలో నూనె తగ్గితే అందులో మట్టం పడిపోతుంది. శీను రోజూ పొద్దున సీసా నింపుతున్నాడు, మర్నాటికి అది సగమవుతోంది. తగ్గినదంతా నీళ్లలోకి.

పక్క పొలం రైతు ట్రాక్టరు తెచ్చి పడవను, దాని కింద పెట్టిన చక్రాల బండితో సహా, ఏటవాలు మీదికి లాగాడు. తోక అడుగున ఉన్న స్క్రూ విప్పితే నూనె బయటికి వచ్చింది. పాలు ఎక్కువైన టీ రంగు. నూనె బయటికి పోవడమే కాదు, నీళ్లు లోపలికి కూడా వస్తున్నాయన్నమాట. ఇంకొన్నాళ్లు ఇలాగే తిప్పితే గేర్లు తుప్పు పట్టి పడవే మూలన పడుతుంది.

"అక్కా, ఇగ అయిపోయినట్టేనా?"

"చూస్తేనే గదా తెలిసేది."

చూడటానికి నాకు తెలిసింది ఒకటే దారి. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టి నీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడ వస్తే అక్కడ చిల్లు. ఇంత పెద్ద తోకను ముంచలేం కనుక దానికే సబ్బునీళ్లు పూయాలి. అడుగు స్క్రూ ఉండే రంధ్రానికి మా షాపు నుంచి తెచ్చిన గాలి ఎక్కించే ఇత్తడి నిపుల్ బిగించి, గాలి కొలిచే గడియారం ఒకటి తగిలించి, సీసా పైపు మూసేసి, సైకిల్ పంపుతో గాలి కొట్టాం. ఎక్కువ కొడితే బాగున్న సీళ్లు కూడా పాడవుతాయి, అందుకని మెల్లగా. ముల్లు కొంచెం ఎక్కింది. చేతులు తీసి చూస్తూ ఉంటే మెల్లగా దిగింది.

శీను గిన్నెలో సబ్బు నురగ కలిపి పెయింటు బ్రష్షుతో పూశాడు. మొదట మెకానిక్ చెప్పిన పైపు దగ్గర. ఏమీ లేదు. పైనా కిందా కలిసే అతుకు దగ్గర. ఏమీ లేదు. గేరు మార్చే కడ్డీ దిగే చోట ఒక్క బుడగ వచ్చింది. ఇద్దరం వంగి ఊపిరి బిగబట్టి చూశాం. అది పగిలిపోయి మళ్లీ రాలేదు, బ్రష్షు తెచ్చిన బుడగే. ముల్లు మాత్రం దిగుతూనే ఉంది. చివరికి శీను పంకా వెనక సందులోకి బ్రష్షు దూర్చాడు. లోపలి నుంచి నురగ అన్నం ఉడికినట్టు పొంగుతూ వచ్చింది.

"దొరికింది!" అని అరిచాడు వాడు. కట్ట మీద మేకలు మేపుకుంటున్నామె కూడా తిరిగి చూసింది.

పంకా మరను వాడే విప్పాడు. పంకా ఊడి చేతికి రాగానే ఇరుసు కనపడింది. ఇరుసు చుట్టూ గట్టిగా బిగుసుకుపోయి, వేడికి కొంత కరిగి ముద్దకట్టిన తంగూసు దారం. వలలు అల్లే నైలాన్ దారం అది. తిరిగి తిరిగి లోపలికి దూరి సీలు పెదవిని, అంటే ఇరుసును ఆనుకుని ఉండే అంచును, కోసేసింది. ఆ ముద్దలో ఒక నీలం తాడు ముక్క కూడా ఉంది.

సీలు ఎందుకు పాడయిందో తెలిసింది కదా అని నాకు సంతోషమేసింది. శీను మొహం చూస్తే సంతోషం లేదు. కత్తితో ఆ ముద్దను కోసి తీసి, చుట్టూ చూసి, ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

సైదులు ఇంట్లో భోజనం

మా ఇంట్లో నీసు వండరు. ఆ సంగతి శీను ముందే చెప్పాడట, ముత్తమ్మ నా కోసం కొత్త గిన్నె తీసి పచ్చిపులుసు, బీరకాయ కూర, జొన్న రొట్టె చేసింది. చేపలు వండిన పొయ్యి మీద వండలేదని, వాకిట్లో మూడు రాళ్లు పెట్టి వండానని రెండుసార్లు చెప్పింది. మా ఇంటికి వచ్చినవాళ్లకు మేమెన్నడైనా ఇలా వేరే పొయ్యి వెలిగించామా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు.

సైదులు సన్నటి మనిషి. మాట తక్కువ. తింటూ తింటూ శీను కంచం వైపు చూశాడు.

"ఏం తింటలేవు? అక్క ముందట సిగ్గయితాందా?"

అప్పుడు చూశాను, వాడి కంచంలో చేప ముక్క. మా నాన్న బతికి ఉంటే ఏమనేవాడో! నేను రొట్టె తుంచుకుంటూ, "తినురా, నేను చూస్తలేను," అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు, ముక్క ముట్టలేదు.

కేసముద్రం

సీలు బయటికి రావాలంటే దాన్ని పట్టుకుని ఉన్న పెద్ద రింగు మర విప్పాలి. మామూలు పానా దానికి పట్టదు. రెండు పళ్లున్న గొట్టం లాంటి తాళం కావాలి. సీళ్ల డబ్బా అట్టముక్క తీసుకుని, మరకు గ్రీజు పూసి, అట్ట అదిమితే దాని అచ్చు పడింది. శనివారం పొద్దున ఆ అట్ట పట్టుకుని మానుకోట మీదుగా కేసముద్రం పోయాం. అక్కడ లేత్ షాపు ఐలయ్య మాకు పాత గిరాకీ. ఏళ్లుగా ఫోనులో మాట్లాడటమే తప్ప చూసింది లేదు.

మార్కెట్ యార్డు ఎదురు సందులో ఆయన షాపు. యార్డు నిండా మొక్కజొన్న గింజల కుప్పలు, గాలిలో పొట్టు ధూళి, లారీల హారన్లు. లేత్ చప్పుడులో బతికి బతికి ఐలయ్యకు చెవులు మందగించాయి. ఫోనులో ఎందుకంత అరుస్తాడో అప్పుడు తెలిసింది.

"నువ్వా సావుకారమ్మా! నేను ముసలామె అనుకున్న!"

అట్ట చూపించి సంగతి చెప్పాం.

"దేనికి?"

"పడవకు!" అని శీను అరిచాడు.

"పడవనా?" ఆయన లేత్ ఆపేశాడు. "ఈడ మక్కలు ఒలిచే మిషన్లు లైన్ల ఉన్నయి. రైతులు నన్ను తిడుతరు. ఎల్లుండి రాండ్రి."

ఎల్లుండికి ఆదివారం దాటిపోతుందని చెప్పాను. సంఘం సంగతి కూడా చెప్పాను. ఐలయ్య లైనులో కూర్చున్న రైతు వైపు చూశాడు. ఆ రైతు బీడీ ఆర్పి, "చెయ్యరాదే, పడవ తాళం ఎట్లుంటదో నేను గూడ చూస్త," అన్నాడు. అలా వరుసలో ముందు చోటు మాకు దొరికింది.

ఐలయ్య భార్య ఉడికించిన మక్క గుడాలు పళ్లెంలో పోసి ఇచ్చింది, పైన ఉప్పూ కారం. గొట్టం పళ్లు తెగుతూ ఉండగా నేనూ శీనూ యార్డు గోడ పక్కన నీడలో కూర్చున్నాం.

"జేబుల ఏం పెట్టుకున్నవురా నిన్న?"

వాడు గుడాలు ఒక్కొక్కటి నోట్లో వేసుకున్నాడు.

"పోయిన నెల ఇద్దరొచ్చిండ్రు అక్కా, ఫొటోలు దిగుతమని. పొద్దు గూకంగ గుట్ట కాడికి తీసుకపొమ్మన్నరు. ఆడ వలలుంటయి, పోవద్దని సైదులన్న ముందుగాల్నే చెప్పిండు. నేను పోయిన. వలలకు కట్టిన తెల్లటి థర్మాకోల్ ముక్కలు దగ్గరికొచ్చినంక కనపడ్డయి. ఇంజన్ ఒకసారి గట్టిగ గుంజినట్టయింది. ఏం కాలేదనుకున్న."

"సైదులు అడగలేదా?"

"తెల్లారి అడిగిండు. వల మధ్యలకెల్లి తెగిందని. నేనటు పోనేలేదన్న. సంఘంల గూడ గదే చెప్పిన."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు సీలు మారుస్తే నూనె ఆగుతది. వల సంగతి ఎవలికీ యాదికి రాదు." వాడు నా వైపు చూడలేదు. "ఇది గూడ పోతే నేనేం చెయ్యాలక్కా? బట్టల కొట్టు పోయినప్పుడు నా తప్పు లేదనన్నా అనుకున్న."

నేను ఏదో ఒకటి చెప్పాల్సింది. వాడికంటే పెద్దదాన్ని. కానీ వాడు రోజూ ఆ ఇంట్లో తింటున్నాడు, ఆ కంచం ముందు కూర్చోవాల్సింది నేను కాదు. "ఆకలి గాలేదా నీకు నిన్న?" అని మాత్రం అడిగాను. వాడు తల అడ్డంగా ఊపాడు. లోపలి నుంచి ఐలయ్య మా ఇద్దరికీ, యార్డులో సగం మందికీ వినపడేలా పిలిచాడు. తాళం తయారైంది. అట్ట మీది అచ్చుకు పెడితే సరిగ్గా కూర్చుంది. పడవ ఫోటో ఒకటి పంపమని, షాపులో పెట్టుకుంటానని అడిగాడు.

అంగుళాల సీలు

తిరిగి వచ్చి కట్ట మీద తాళం వేసి తిప్పితే రింగు మర మొండికేసింది. కిరోసిన్ పోసి, గొట్టానికి పొడవాటి ఇనుప కడ్డీ గుచ్చి ఇద్దరం వేలాడితే కిర్రుమని కదిలింది. శీను పిడికిలి జారి మోచేయి గీరుకుంది. లోపలి డబ్బా బయటికి తీస్తే ఒకదానికొకటి వీపు ఆనించి రెండు సీళ్లున్నాయి. ఒకటి నూనెను ఆపడానికి, ఇంకొకటి నీళ్లను ఆపడానికి. బయటి దాని పెదవి చింపిరిగా కోసుకుపోయింది, లోపలి దానికీ దెబ్బ తగిలింది. గోరుతో ఇరుసు మీద గీసి చూశాను. నున్నగా ఉంది, గాడి పడలేదు. అది అదృష్టం.

ఆ తర్వాత నా గర్వం కాస్త అణిగింది. నేను మోసుకొచ్చిన బ్యాగెడు సీళ్లూ మిల్లీమీటర్ల లెక్కవి. ఇది బయటి దేశం ఇంజను, అంగుళాల లెక్కది. ఒక్కటీ పట్టలేదు. మా ఆయనకు ఫోను చేశాను.

"పై అరలో, పాత విదేశీ ట్రాక్టర్ల డబ్బా చూడండి. దుమ్ము పట్టి ఉంటది."

"అది పారేద్దామన్నవు గదా పోయిన దసరాకు?"

"పారేసిండ్రా?"

"నేనెందుకు పారేస్త? నువ్వే మల్ల అడుగుతవని దాచిపెట్టిన." నంబర్లు చదివి వినిపించాడు. కలిశాయి. మర్నాడు మొదటి బస్సు కండక్టరు చేతికి ఇస్తానన్నాడు.

వాకిట్లో

ఆ సాయంత్రం సైదులు వాకిట్లో మంచం మీద వల పరుచుకుని చిరుగులు కుడుతున్నాడు. ముత్తమ్మ బియ్యం ఏరుతోంది. శీను వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోలేదు. జేబులోంచి ఆ ముద్ద తీసి మంచం మీద పెట్టాడు.

"పంకా ఎనుక దొరికిందన్నా."

సైదులు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గోళ్లతో దారాన్ని కొంచెం విడదీశాడు. నీలం తాడు ముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది నేను కట్టిన తాడే."

"ఆ రోజు నేను పోయిన. పోలేదని అబద్ధం చెప్పిన."

సైదులు ఆ తాడు ముక్కను వల మీద పెట్టాడు. ఏరిన బియ్యం చేటలో అలాగే ఉంది. ముత్తమ్మ కదల్లేదు.

"వల పోయిందని కాదు," అన్నాడు. గొంతు పెరగలేదు. "వల మల్ల అల్లుకుంట. నువ్వు పోలేదంటివి. సంఘంల అందరు నవ్విండ్రు నన్ను. ముసలోనికి కండ్లు కనపడక మొద్దుకు తగిలించుకున్నడు, పట్నపోని మీద పెడుతాండు అన్నరు. నాకే అనుమానమొచ్చింది, నిజంగనే మొద్దుకు తగిలిందేమోనని. నెల రోజుల సంది ఆ పక్కకు వల ఎయ్యలేదు నేను."

శీను తల వంచుకుని నిలబడ్డాడు. ముత్తమ్మ చేట తీసుకుని లోపలికి పోయింది. ఆ పూట కంచాలు పెట్టింది, వాడి కంచంలో అన్నం వడ్డించింది, ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున టీ నాకూ సైదులుకూ మాత్రమే తెచ్చింది. శీను గదిలోంచి చూసి, తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఆదివారం

మొదటి బస్సులో సీళ్లు వచ్చాయి, పాత పేపరులో చుట్టి, మా ఆయన రాతతో నా పేరు రాసి. గ్రీజు పూసి, ఒకదాని పెదవి లోపలికి, ఒకదాని పెదవి బయటికి ఉండేలా, చెక్కముక్క ఆనించి చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టాను. ఆ పని మాత్రం శీనుకు ఇవ్వలేదు. మళ్లీ గాలి కొట్టి సబ్బు పూశాం. ముల్లు నిలబడింది. టీ తాగి వచ్చి చూసినా అక్కడే ఉంది. కొత్త నూనె అడుగు రంధ్రం నుంచి పైకి ఎక్కించాం. పైనుంచి పోస్తే మధ్యలో గాలి ఉండిపోతుంది. పై రంధ్రంలోంచి నూనె తొణికాక స్క్రూలు బిగించాం.

సంఘం కట్ట మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుంది. ఓ పాతిక మంది ఉంటారేమో. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను. పెద్దమనిషి శీనును అడిగాడు, నూనె ఆగిందా అని.

"ఆగింది. కానీ ముందుగాల ఇంకొకటి చెప్పాలె." వాడు ఒక అడుగు ముందుకు వేశాడు. "సైదులన్న వలను కోసింది నేనే. మొన్న నేను చెప్పింది అబద్ధం. ఆ దారమే సీలును కోసింది, గందుకే నూనె పోయింది. నన్ను ఉంచుకుంటరా, పొమ్మంటరా మీ ఇష్టం. సైదులన్నకు కండ్లు మంచిగనే కనపడుతయి."

కొందరు గట్టిగా మాట్లాడారు. పడవను ఇవాళే లేపమని ఒక యువకుడు లేచి నిలబడ్డాడు. ఇంకొకాయన, నూనె చార పోవడం వేరు, మాట పోవడం వేరు అన్నాడు. చివరికి అందరూ సైదులు వైపు చూశారు. నవ్వినవాళ్లు కూడా.

సైదులు కండువా తీసి భుజం మార్చుకున్నాడు. "పొద్దు వాలినంక పడవ దిగొద్దు. గుట్టకు తూర్పు పక్క పోవద్దు. వలకు దారం కొనిచ్చి, నా పక్కన కూసోని అల్లాలె, కొన్నది తెచ్చి పడేస్తే ఒప్పుకోను. మల్లొకసారి చార కనపడితే నేనే తాడు కోస్త." సంఘం వైపు తిరిగి, "ఉండనియ్యుండ్రి," అన్నాడు.

పెద్దమనిషి అందరినీ చూశాడు. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. ఆ యువకుడు లేచి వెళ్లిపోయాడు. కానీ ఎక్కువమంది సైదులు మాటకే తల ఊపారు.

నీళ్ల మీద

ట్రాక్టరు పడవను నీళ్లలోకి దింపింది. నేనూ సైదులూ ఎక్కాం. శీను తాడు విప్పబోతుంటే ముత్తమ్మ కట్ట దిగి వచ్చింది, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని. ఇన్నాళ్లలో ఆమె ఆ పడవ ఎక్కలేదట. శీను చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోకుండా, నా భుజం పట్టుకుని ఎక్కి, వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది.

ఇంజన్ మోగింది. కట్ట వెనక్కి జరిగింది. పడవ వెనక నీళ్లు తెల్లగా చీలి మళ్లీ కలిసిపోతున్నాయి. ముత్తమ్మ వాటిని చూస్తూనే ఉంది. కొంత దూరం పోయాక వంగి, చేతిని నీళ్లలో ముంచి తీసి వాసన చూసింది. మళ్లీ ముంచింది, మళ్లీ చూసింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఏముంది ఒదినా?" శీను వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నీల్ల వాసన," అంది. నిన్నటి నుంచి వాడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

గుట్ట దగ్గరవుతుండగా సైదులు చెయ్యి ఎత్తాడు. శీను ఇంజన్ ఆపి, తోకను నీళ్లలోంచి పైకి లేపాడు. చప్పుడు పోయాక నీళ్లు పడవ పక్కలకు తాకే శబ్దం ఒక్కటే మిగిలింది. ఎదురుగా, దూరదూరంగా, తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. పడవ తన ఊపుతోనే మెల్లగా వాటి వైపు జరిగింది.

"ఇగో, ఇది యాదగిరి వల మొదలు," అన్నాడు సైదులు వేలు చూపిస్తూ. "ఆ మోడు కాడ ముగుస్తది. దాని ఎనుక నాది ఉండేది, రేపు మల్ల ఏస్త. అటు రాయి కాడ రెండు, కింద ఉంటయి, తేలెటియి కనపడయి. ఇప్పుడు నువ్వు చెప్పు."

శీను నిలబడి, ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ చెప్పాడు. మోడు దాకా సరిగ్గానే చెప్పాడు. రాయి దగ్గర ఒకటి మరిచిపోయాడు.

"మల్ల మొదటికెల్లి చెప్పు," అన్నాడు సైదులు.